లే అన్న మాట

మా ఇంట్లో మూడు భాషలున్నాయి. అందులో రెండు తెలుగే. మా ఆయనది కరీంనగర్ వైపు తెలుగు. నాది శ్రీకాకుళం తెలుగు. అదీ నేను శ్రీకాకుళంలో నేర్చుకున్నది కాదు. రైల్వే ఉద్యోగానికని రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా నాన్న, మా అమ్మతో ఇంట్లో మాట్లాడగా నాకు అబ్బింది. మూడోది హిందీ. అది కూరగాయల బండి దగ్గర మొదలై ఎప్పుడో వంటింటి దాకా వచ్చేసింది. మా అమ్మాయైతే ఒకే వాక్యంలో మూడూ కలిపేస్తుంది. అదేం వింతో దానికి తెలియనే తెలియదు.

"లేదు" అన్న మాటే తీసుకోండి. మా పుట్టింట్లో అది "నేదు". మా ఆయన నోట్లో అది "లే". "తిన్నారా?" అంటే "లే". "కరెంటొచ్చిందా?" అంటే "లే". పెళ్ళయిన కొత్తలో ఆయన "లే" అన్నప్పుడల్లా నన్ను లేవమంటున్నారేమో అనుకుని గభాల్న లేచి నిలబడేదాన్ని. ఆయన పడీపడీ నవ్వేవారు. తర్వాత ఆయన లే వినడం నాకూ అలవాటైపోయింది. ఆ చిన్న మాట ఇన్నేళ్ళ తర్వాత ఒక వాచీ దగ్గర మా ఇద్దరినీ పట్టుకుంటుందని అప్పుడు అనుకోలేదు.

వాచీ గొడవ ఒక వాన రోజు మొదలైంది. భన్‌పురి చౌక్‌లో కూరగాయల సంచి పట్టుకుని నిలబడ్డాను. ఒక్క ఆటో ఖాళీగా రావడంలేదు. మా ఆయన ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. షిఫ్టు దిగే వేళ అయింది కదా, బీర్‌గావ్‌లో మా ఇంటికి పోతూ పోతూ నన్ను బండి ఎక్కించుకుంటారని ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఊహూఁ. లారీలు నా చీర మీద బురద చిమ్ముకుంటూ పోతున్నాయి. ఇంతలో సాక్షాత్తూ ఆయన బండే రోడ్డుకి అవతలి పక్కనుంచి నా కళ్ళ ముందే వెళ్ళిపోయింది. "ఏమండీ!" అని ఒక్క అరుపు అరిచాను. ఆటోవాళ్ళు తిరిగి చూశారు. టీ కొట్టువాడు తిరిగి చూశాడు. డివైడర్ మీద పడుకున్న ఆవు కూడా తల తిప్పింది. ఆయన ఒక్కరే చూడలేదు.

ఇంటికొచ్చేసరికి తుండుతో తల తుడుచుకుంటూ టీవీ ముందు కూర్చున్నారు. నన్ను చూసి, "ఏందే, గిట్ల తడిసినవ్? ఒక్క ఫోన్ కొడితే నేను రాకపోదునా?" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నిజం చెప్పాలంటే అది ఆ ఒక్క రోజు కోపం కాదు. ఏళ్ళ తరబడి పేరుకున్నది. నేనేదో చెప్తాను, ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు. లేదా "ఆఁ, సరే" అంటారు, ఆ సరే అన్న పని జరగదు. ఒకసారి వంటింట్లోంచి "పప్పు మాడిపోయింది!" అని కేక వేస్తే, హాల్లోంచి "ఓడిపోయిందా? ఇంక పది ఓవర్లుండె గదా!" అన్నారు. టీవీలో మ్యాచ్ వస్తోంది లెండి. అమ్మాయి, నేను నవ్వుకున్నాం. కానీ ఎన్నిసార్లని నవ్వుతాం? "మీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అని నేను ఆయన మొహం మీదే అనేదాన్ని. సామెత కదా, నోటికొచ్చేస్తుంది. ఆయన ఏమీ అనేవారు కాదు. నేనంటే లెక్క లేదని నేను అనుకునేదాన్ని. ముప్పై ఏళ్ళకి దగ్గరపడుతున్న కాపురంలో మొగుడికి పెళ్ళాం మాట ఫ్యాను చప్పుడులాంటిదైపోయిందని నా ఏడుపు.

ఆ తడిసిన చీర చూసి మా అమ్మాయే ఉపాయం చెప్పింది. "అమ్మా, డాడీకి స్మార్ట్‌వాచ్ కొనిద్దాం. ఫోన్ ఎక్కడున్నా పర్వాలేదు, చేతి మీద జర్రుమని వణుకుతుంది. నువ్వు చేస్తున్నావని పేరు కూడా వస్తుంది. ఫిర్ దేఖ్‌తే హైఁ, ఎలా తప్పించుకుంటాడో!"

నాకు ఆ మాట ఎంత నచ్చిందో! మొగుడి చేతికి సంకెళ్ళు వేసినంత సంబరపడ్డాను. రేపే వెళ్దాం అన్నాను. కానీ మా ఇంట్లో రేపు అన్నది అంత సులువుగా రాదు. ఉపాయం చెప్పిన పిల్లే ఫోన్‌లో ఏవేవో చదివి, "అభీ మత్ లేనా అమ్మా, కొత్త మోడల్ వస్తోంది, అది వస్తే పాతది తగ్గుతుంది, దీపావళికి సేల్ ఉంటుంది, ఆగు" అంది. మా ఆయన సరే సరి. "చూద్దాం తియ్. నిదానమే ప్రధానం" అన్నారు.

"ఆలస్యం అమృతం విషం, అదీ ఉంది సామెత" అన్నాను నేను.

ఆ వెంటనే ఆషాఢం వచ్చి పడింది. ఆయన ఇంట్లో ఆషాఢంలో కొత్త వస్తువు కొనరు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వంటింటి గోడకి రెండు పంచాంగాలు వేలాడతాయి. ఒకటి ఊరి నుంచి వచ్చే తెలుగుది, ఇంకోటి కిరాణా కొట్టువాడు ఇచ్చే హిందీది. రెంటికీ పదిహేను రోజుల తేడా. వాళ్ళకి పున్నమితో నెల మారుతుంది, మనకి అమావాస్యతో. అందుకని ఒక రోజు పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి "దీదీ, సావన్ లగ్ గే" అంది. ఆవిడకి శ్రావణం వచ్చేసింది. మాకింకా ఆషాఢమే.

నాకు సందు దొరికింది. "ఈ ఊళ్ళో శ్రావణం వచ్చేసిందండీ. వాచీ కొనేది ఈ ఊళ్ళోనే కదా! ఈ ఊరి పంచాంగమే లెక్క" అన్నాను. ఆయన నవ్వేశారు. "నీకు అవసరమున్న కాడ ఒక పంచాంగం, లేని కాడ ఒక పంచాంగం" అంటూనే బండి తీశారు.

పండరీ బజారుకి వెళ్ళాం. నాకు జాకెట్లకి లైనింగ్ గుడ్డ కావలసి ఉంది. అది కొన్నాక ఆ వరసలోనే ఉన్న వాచీల కొట్టులోకి ఆయన్ని తోశాను. నేను మాత్రం గుడ్డల మూటతో గుమ్మం దగ్గరే ఆగిపోయాను. లోపల జనం. పక్క చీరల కొట్టువాడు మైకులో అరుస్తున్నాడు. కొట్టు కుర్రాడు ఒక నల్ల వాచీ తీసి ఆయన చేతికి పెట్టాడు. ఆయన ఫోన్‌కి కలిపాడు. తన ఫోన్ నుంచి రింగ్ ఇచ్చాడు.

మా ఆయన ఉలిక్కిపడ్డారు. చెయ్యి పైకెత్తి చూసుకున్నారు. తర్వాత నవ్వారు చూడండి, మా అమ్మాయిని ఆసుపత్రిలో మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడు నవ్విన నవ్వు అది. కుర్రాడిని మళ్ళీ చెయ్యమన్నారు. వాడు మళ్ళీ చేశాడు. ఆయన మళ్ళీ నవ్వారు. ఇంత చిన్నదానికి ఇంత మురిసిపోవడమేమిటి, చిన్నపిల్లాడిలా, అనుకున్నాను. అనుకున్నానే గాని నాకూ ముచ్చటేసింది.

ఆయన నాకేసి తిరిగి, "ఏమంటవే?" అన్నారు.

నేను గుమ్మం దగ్గరనుంచే ఉత్సాహంగా చెయ్యి ఊపుతూ, "చలో, లే లేఁ!" అన్నాను.

హిందీలో అన్నాను. ఇంకేముంది, తీసేసుకుందాం అని. బజార్లో నిలబడితే నా నోటికి హిందీయే వస్తుంది. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళో కదా.

ఆయన మొహం ఒక్కసారిగా వాడిపోయింది. పట్టీ విప్పి వాచీ కౌంటర్ మీద పెట్టేశారు. "బాద్ మే దేఖేంగే", తర్వాత చూద్దామని కుర్రాడికి చెప్పి, నన్ను దాటుకుని వెళ్ళి బండి స్టార్ట్ చేశారు. నాకేం అర్థం కాలేదు. దారంతా ఆషాఢం గుర్తొచ్చిందేమో, పిసినారితనం గుర్తొచ్చిందేమో, నా ముచ్చట తీర్చడం ఇష్టం లేదేమో అని ఆయన వీపు వెనక కూర్చుని రకరకాలుగా తిట్టుకున్నాను.

ఇంట్లో అడుగు పెట్టాక ఇక ఆగలేదు. "అంత ముచ్చటపడ్డారు కదా, ఎందుకు కొనలేదు?" అని ఎదురుగా నిలబడి అడిగాను.

"నువ్వే గదనే వద్దన్నవ్."

"నేనా? నేనెప్పుడు వద్దన్నాను?"

"లే లే అన్నవ్ గద. గంత దూరంకెళ్ళి చెయ్యి ఊపుకుంట."

నాకు ఒక క్షణం పట్టింది. తర్వాత నవ్వాగలేదు. "అయ్యో రామా! నేను హిందీలో అన్నానండీ! లే లేఁ అంటే తీసుకుందాం అని! మీ లే ఎక్కడ, నా లే ఎక్కడ! అయినా ఇన్నేళ్ళలో నా నోట లేదుకి లే అని ఎప్పుడైనా వచ్చిందా? మాది నేదు కదా!"

ఆయన నవ్వలేదు. నా నవ్వు కూడా నెమ్మదిగా ఆగిపోయింది, ఎందుకంటే నాకే ఇంకో సంగతి తోచింది. "సరే, లే సంగతి వదిలేయండి. ముందు చలో అన్నాను కదా! వద్దనేవాళ్ళు చలో అంటారా?"

ఆయన చెప్పులు విప్పుతూ నేల చూపులు చూశారు.

"అది వినపడలే" అన్నారు.

ఆ మాట ఆయన ఎంత చిన్నగా అన్నారంటే, ఈసారి నాకే వినబడలేదనుకున్నాను. మళ్ళీ అడిగాను. అప్పుడు ఆయన తలెత్తి, "వినపడలేదే. సరిగ్గ వినపడతలేదు. ఎన్నడో మొదలైంది. నీ మూతి చూసి సగం, అందాజగ సగం చెప్పుకుంటొస్తున్న" అన్నారు.

నేను అక్కడే గడప మీద కూర్చుని, అంతా అడిగి చెప్పించుకున్నాను.

మిల్లులో ఎవరికీ తెలియలేదట. ఎలా తెలుస్తుంది? ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్యనుంచి పోతుంటే ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అక్కడందరూ చేతి సైగలతో, మూతి కదలికతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు చూపిస్తే ఒక అర్థం, పిడికిలి చూపిస్తే ఇంకో అర్థం. ఆ చప్పుడే ఆయన చెవులు తినేసింది, ఆ చప్పుడే ఆ సంగతి దాచిపెట్టింది. దొరికిపోయేది ఇంట్లోనే. ఇంట్లో ఆయన వెనకనుంచి మాట్లాడేదాన్ని నేను, వంటింట్లోంచి కేకలేసేదాన్ని నేను.

"మరి నాకు చెప్పొచ్చు కదా!" అన్నాను. కోపంగానే అన్నాను. ఏడుపు వచ్చే ముందు నాకు కోపమే వస్తుంది.

"ఏమని చెప్పాలె? నువ్వే అంటివి గద రోజు, చెవిటోని ముందర శంఖమని."

సామెతలో చెవిటివాడు అంటే మన ఇంటాయన అని ఎవరైనా అనుకుంటారా? చెప్పని మనిషిది కాదా తప్పు? ఆ మాటే అన్నాను. ఆయన ఔనన్నట్టు తలాడించారు. దాంతో నాకు ఇంకా దుఃఖం వచ్చింది.

ఆ రోజునుంచి మా ఇంట్లో తక్కెడ తిరగబడింది. ఇన్నాళ్ళూ చూద్దాం తియ్ అన్న మనిషి వాచీ ఇప్పుడే కొనాలంటారు. ఇప్పుడే అన్న నేను ఆగమంటాను. ముందు చెవులు డాక్టరుకి చూపించాలి, మిషన్ పెట్టించాలి, వాచీ సంగతి ఆ తర్వాత. ఆయన ససేమిరా అన్నారు. వాచీ ఉంటే మిషన్ ఎందుకంటారు. ఫోనొస్తే చెయ్యి వణుకుతుంది, మెసేజ్ వస్తే చదువుకోవచ్చు, అంతే కదా అంటారు.

ఒక సాయంత్రం అసలు మాట బయటికి వచ్చింది. "చేతికి వాచీ ఉంటే సోకులు పడుతుండంటరు. చెవికి మిషన్ ఉంటే చెవిటోడంటరు. చెవిటోణ్ణి ఫర్నేస్ కాడ ఎవడు నిలబెడతడే? నా కింద పనిచేసే పోరగాండ్లు నా మాట వింటరా?"

అప్పటికి నాకు పూర్తిగా అర్థమైంది. కొట్లో ఆ వాచీ వణికినప్పుడు ఆయన నవ్విన నవ్వు ముచ్చటపడి నవ్వింది కాదు. ఇక ఎవరికీ తెలియకుండా బతికేయొచ్చు అన్న ధైర్యం అది. నేను సంకెళ్ళు అనుకున్న దాన్ని ఆయన ముసుగు అనుకున్నారు. కొనిస్తే ఆ ముసుగు నేనే వేసినట్టు. కొనకపోతే ఆయన ముందున్న ఒక్క దారీ నేనే మూసినట్టు. ఎన్నో రోజులు ఇదే ఆలోచన నాకు, గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా. వెనకనుంచి క్రేన్ వస్తే వాచీ చెప్తుందా? ఎవరైనా జరగమని అరిస్తే చెప్తుందా? చేసేవాడు ఫోన్ చేస్తేనే కదా అది వణికేది. ఆపద ఫోన్ చేసి రాదు.

"శ్రావణం వచ్చింది గదనే, మీది మాది రెండు శ్రావణాలొచ్చినయ్. ఇగ ఏం అడ్డం?" అని ఆయన పోరు. "నిదానమే ప్రధానం" అని నేను. "ఆలస్యం అమృతం విషం" అని ఆయన. మేం సామెతలు మార్చుకున్నాం.

ఎన్నాళ్ళు సాగేదో ఆ పోరు. మా అమ్మాయి వల్ల తెగింది. దానికప్పుడే మొదటి ఉద్యోగం వచ్చింది. పరుగున ఇంట్లోకి వచ్చి, బాల్కనీలో అటు తిరిగి నిలబడ్డ వాళ్ళ నాన్నతో, "డాడీ, నాకు ఉద్యోగం వచ్చింది!" అంది. ఆయన వెనక్కి తిరగకుండానే, "తలుపు దగ్గరికేసి పో, దోమలొస్తయ్" అన్నారు.

పిల్లకి చెవుల సంగతి మేమింకా చెప్పలేదు. నాన్నకి ఆ ఉద్యోగం ఇష్టం లేదనుకుని గదిలోకి పోయి ఏడ్చింది. నేను ఆయన ముందుకు వెళ్ళి, భుజం పట్టి ఇటు తిప్పి, నా మూతి కనబడేలా నిలబడి, ఆ పిల్ల ఏం చెప్పిందో చెప్పాను. ఆయన ఏమన్నారో కూడా చెప్పాను.

ఆయన గదిలోకి వెళ్ళి దాని తల నిమిరి, బయటికి వచ్చి, "ఆ చెవుల డాక్టరు ఎక్కడుంటడు?" అన్నారు.

పరీక్ష చేసే చోట ఒక చిన్న అద్దాల గది ఉంది. ఆయన్ని లోపల కూర్చోబెట్టి చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టారు. నేను బయట, పరీక్ష చేసే అమ్మాయి పక్కన కుర్చీలో. మొదట కూతల్లాంటి చప్పుళ్ళు వినిపించి, వినబడితే చెయ్యెత్తమన్నారు. తర్వాత ఆ అమ్మాయి నోటికి కాగితం అడ్డం పెట్టుకుని, "జో శబ్ద్ సునాయీ దే, వహీ బోలియే" అని చెప్పి ఒక్కొక్క హిందీ మాటా మైకులో పలకడం మొదలుపెట్టింది. ఏ మాట వినబడితే ఆ మాట తిరిగి చెప్పాలి.

"పానీ" అంది.

"పోనీ" అన్నారు మా ఆయన.

"నాక్" అంది. ముక్కు.

"నాకు" అన్నారు.

"కాన్" అంది. చెవి.

"కానీ" అన్నారు.

"కల్" అంది. రేపు. ఆయన కాస్త ఆలోచించి, అనుమానంగా, "కల్లు" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా కిసుక్కుమంది. ఆ అమ్మాయి ఒక్కో మాటకీ తప్పు గుర్తు పెడుతూ పోతోంది. కాసేపటికి మైకు ఆపి నాకేసి తిరిగింది. "ఆంటీ, అంకుల్ యే క్యా బోల్ రహే హైఁ? ఇవి మాటలేనా అసలు?" అని హిందీలో అడిగింది.

"మాటలేనమ్మా. మా భాషలో మాటలు" అన్నాను. అని, ఆ మరుక్షణం ఏడుపు ఆపుకోలేకపోయాను.

నవ్వినదాన్ని ఎందుకేడ్చానంటే, చెప్తాను. పాతికేళ్ళకి పైగా ఆ మనిషి పని చేసింది హిందీలో. ఆర్డర్లు హిందీలో, తిట్లు హిందీలో, యూనియన్ గొడవలు హిందీలో. నాకంటే మంచి హిందీ ఆయనది. కానీ చప్పుడు సగం విరిగి చెవిలో పడేసరికి, ఆ విరిగిన చోట ఆయన మనసు తెలుగు పెట్టి అతికించుకుంటోంది. అక్షరం కూడా దొరకని చోట అమ్మ నేర్పిన మాట వెతుక్కుంటోంది. ఇక నేను గుమ్మం దగ్గరనుంచి అరిచిన హిందీ "లే లేఁ" ఆయనకి హిందీలో ఎలా వినబడుతుంది? అద్దం అవతల ఆయన నేను ఏడవడం చూసి, హెడ్‌ఫోన్లు తీసేసి, "ఏమైందే? అన్ని తప్పులేనా?" అని అడిగారు. కాదని తల ఊపాను.

మిషన్లు పెట్టించాం. రెండు చెవులకీ. మిల్లులో సంగతి ఆయనే చెప్పారు, నేను చెప్పమనకుండానే. చెప్పిన కొన్నాళ్ళకి ఆయన్ని ఫర్నేస్ దగ్గరనుంచి తీసి, లారీలు తూచే కాంటా దగ్గర పగటి డ్యూటీలో వేశారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "ఇనుము కాడ నిలబడ్డోణ్ణి కాంటా కాడ కూసోబెట్టిన్రు" అన్నారు. భయపడిందే జరిగింది కదా అని నా మీద కోపం తెచ్చుకుంటారనుకున్నాను. తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా నేను భరించేదాన్ని. ఆయన బతికి ఇంటికొస్తున్నారు, అది చాలు నాకు. ఆ మాట అప్పుడు ఆయనకి చెప్పలేదు, చెప్పినా ఆ దుఃఖంలో పట్టేది కాదు.

ఇంట్లో మాత్రం నాకు కొత్త కష్టాలు. ఇన్నేళ్ళూ వంటింట్లో నాలో నేను గొణుక్కునేదాన్ని. ఆ మొదటి వారంలో ఒకసారి అలవాటుగా, "ఈ మనిషికి ఉప్పు తక్కువైనా ఒకటే, ఎక్కువైనా ఒకటే" అన్నాను. హాల్లోంచి, "తక్కువే అయింది" అని జవాబు వచ్చింది. గరిటె జారి కింద పడింది.

దీపావళి దగ్గరపడ్డాక వాచీ సంగతి నేనే ఎత్తాను. "ఇంక వాచీ ఎందుకే? చెవులొచ్చినయ్ గదా" అన్నారు ఆయన. కానీ కాంటా దగ్గర లారీల హారన్లకి తల పగిలిపోతుందని ఆయన మిషన్లు తీసి చొక్కా జేబులో పెట్టుకుంటున్నారని నాకు తెలుసు. ఆ వేళల్లో నా ఫోన్ మళ్ళీ పాతకథే. పైగా మాటిచ్చాను, చెవులు చూపిస్తే వాచీ అని. మా అమ్మాయి చెప్పిన కొత్త మోడల్ వచ్చింది, సేల్ వచ్చింది, అది చెప్పినవన్నీ వచ్చాయి. "ఇంకొన్నాళ్ళు ఆగితే ఇంకోటి వస్తుంది అమ్మా" అంది. "నోర్ముయ్" అన్నాను.

మళ్ళీ పండరీ. అదే కొట్టు. పండగ జనంతో తిరణాలలా ఉంది. పక్క కొట్లో మైకు, ఎదురుగా ఇంకో మైకు, రోడ్డు మీద పిల్లల టపాకాయలు. మిషన్లకి అంత రద్దీ పడదు. అవి అన్ని చప్పుళ్ళనీ ఒకేలా పెంచి చెవిలో పోస్తాయట. తోపులాటలో మేం విడిపోయాం. ఆయన కౌంటర్ దాకా చేరుకున్నారు, నేను మళ్ళీ గుమ్మం దగ్గరే ఇరుక్కుపోయాను. కొట్టు కుర్రాడు వాచీ పెట్టాడు. రింగ్ ఇచ్చాడు. ఆయన చెయ్యి చూసుకున్నారు. ఈసారి అంత నవ్వలేదు. ఎంతో ఆలోచనగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జనం తలల మీదుగా నన్ను వెతికి పట్టుకుని, "ఏమంటవే?" అన్నట్టు తలెగరేశారు.

అలవాటు ఎక్కడికి పోతుంది! "లే లేఁ!" అని అరిచేశాను. అరిచాక నాలుక కరుచుకున్నాను.

ఆయన కదలకుండా నిలబడ్డారు. నా మూతి వంక చూశారు. అర్థం కాలేదని ఆయన మొహంలో తెలుస్తోంది. ఇన్నేళ్ళూ సరిగ్గా ఇలాంటి చోటే ఆయన ఏదో ఒకటి ఊహించుకుని ఊరుకునేవారు. తెలియకపోయినా తెలిసినట్టు తలాడించేవారు. ఇప్పుడూ వాచీ విప్పి కౌంటర్ మీద పెట్టేస్తారనుకున్నాను.

ఆయన విప్పలేదు. చెవి వెనక కనబడుతున్న మిషన్‌ని వేలితో సరిచేసుకుని, కొట్టంతా వినబడేలా గట్టిగా అడిగారు.

"సరిగ్గ వినపడలేదే! ఏ భాషల?"

కొట్లో నలుగురూ తిరిగి చూశారు. ఆయన వాళ్ళెవరినీ పట్టించుకోలేదు. నాకేసే చూస్తూ జవాబు కోసం నిలబడ్డారు. వినపడలేదని ఆ మనిషి పదిమందిలో నోరు తెరిచి చెప్పడం, నన్ను తిరిగి అడగడం, అదే మొదటిసారి.

"హిందీలో!" అన్నాను.